సిరిని వెతకాలా, గ్వెంట్ ఆడాలా? ఓపెన్ వరల్డ్ ఆర్పీజీల్లో కథ ఎక్కడ తప్పిపోతోంది?

వెలెన్_బాటసారి
విచర్ 3 ఆడుతున్నాను. ఒక పాత్రగా మారి (ఆర్పీజీ), పెద్ద లోకంలో ఎటైనా తిరుగుతూ (ఓపెన్ వరల్డ్) కథ నడిపే ఆట. 2015 నాటి ఆట ఇప్పుడా అని అడగకండి, ల్యాప్‌టాప్ ఈమధ్యే మారింది. కథ ప్రకారం మనం ఆడే రాక్షస వేటగాడు గెరాల్ట్ కూతురిలా పెంచుకున్న సిరి వెంట వైల్డ్ హంట్ అనే దెయ్యాల్లాంటి రౌతుల దండు పడింది. చక్రవర్తి స్వయంగా పిలిపించి వెతికి తెమ్మన్నాడు. ఏ కట్‌సీన్ (ఆట మధ్యలో సినిమాలా వచ్చే సన్నివేశం) చూసినా అందరి ముఖాల్లో ఒకటే ఆదుర్దా. అది అయిపోగానే నేను చేసే పని, పక్క ఊళ్లో ఎవరో ఒకరితో గ్వెంట్ అనే కార్డుల ఆట. తర్వాత నోటీసు బోర్డు మీది చిల్లర పనులు. తర్వాత మ్యాపులో స్కెల్లిగె దీవుల సముద్రం మీదున్న ప్రశ్నార్థకాలు ఒక్కొక్కటే చెరపడం. పడవ ఆపు, సైరన్లను కొట్టు, తేలుతున్న పీపాల్లోని సరుకు తీసుకో, మళ్లీ పడవ ఎక్కు. నిన్న రాత్రి తిరిగి అసలు కథలోకి వస్తే తెర మీద మాట్లాడుతున్న మనిషి ఎవరో గుర్తురాలేదు.

ఇంత పెద్ద లోకం ఇచ్చి హాయిగా తిరగమంటారు, అదే నోటితో త్వరగా రమ్మంటారు. రెండూ ఒకే ఆటలో కుదరవేమో అనిపిస్తోంది. మీరంతా ఎలా ఆడతారు?

గ్వెంట్_గోపాలం
సిరి ఎక్కడికీ పోదు. ఆట మొదట్లో వచ్చే వైట్ ఆర్చర్డ్ ఊరి సత్రంలో ఆ పండితుడి దగ్గర కార్డు గెలిచారా లేదా, ముందు అది చెప్పండి.

రాత్రి_పదకొండు
ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగే రకం మనమంతా. పైగా గెరాల్ట్ గొంతులో ఏ తొందరా వినిపించదు, అందుకే మనకు సిగ్గూ వేయదు.

పాతకాపు_2002
లోకం పెద్దదవడం తప్పు కాదు. మాటల్లో తొందర పెట్టి, ఆటలో ఆ తొందర లేకుండా వదిలేయడం తప్పు.

మారోవిండ్ అనే పాత ఆట ఆడినవారికి గుర్తుండే ఉంటుంది. ఖైదీగా ఓడ దిగి సెయ్డా నీన్ రేవులో నిలబడతాం. ఒక పొట్లం చేతిలో పెట్టి, బాల్మోరా వెళ్లి కైయస్ కొసాడెస్ అనే ఆయనకు ఇమ్మంటారు. వెళితే ఒంటి మీద చొక్కా కూడా లేని పెద్దమనిషి. చూడటానికి అలా ఉంటాడు గానీ చక్రవర్తి గూఢచారులకు అక్కడ ఆయనే పెద్ద. పొట్లం చూసుకుని, నీకింకా అనుభవం చాలదు, ఏదైనా గిల్డులో (వృత్తి సంఘంలో) చేరు, నాలుగు ఊళ్లు తిరుగు, కాస్త గట్టిపడ్డాక రా అని 200 నాణేలు ఇచ్చి పంపేస్తాడు. ఇక మనం ఎన్నాళ్లు తిరిగినా కథకు భంగం లేదు, తిరగమన్నది కథే కదా. గూఢచారికి ఒక వేషం కావాలి, ఊరూరా పనులు వెతుక్కునే సాహసికుడే ఆ వేషం.

ఇంకో ముక్క. సెయ్డా నీన్ దాటి కొంచెం నడవగానే ఆకాశం నుంచి కేకలు వేస్తూ ఒకడు దబ్బున పడి చస్తాడు. పేరు తార్హీల్. దగ్గర మూడు మంత్రపత్రాలు, ఒక డైరీ. గొప్ప మంత్రం కనిపెట్టానని డైరీ నిండా సంబరం. ఆ పత్రం వాడి గెంతితే మనమూ కొండలు దాటి ఎగిరిపోతాం. దిగడం గురించి ఆయన ఆలోచించలేదు, మొదటిసారి మనమూ ఆలోచించం. నేలకు తగిలేలోపు రెండో పత్రం వాడినవాడు బతుకుతాడు. దానికి క్వెస్టు (ఆట అప్పగించే పని) లేదు, మార్కర్ (దారి చూపే గుర్తు) లేదు, అసలు శత్రువు డాగోత్ ఊర్‌తో ఏ సంబంధమూ లేదు. అయినా మారోవిండ్‌లో ఏం జరుగుతుందని ఎవరైనా అడిగితే నా నోట ముందు వచ్చేది ఇదే.

కత్తి_డాలు
మారోవిండ్ పేరు ఎత్తగానే కళ్లజోడు తుడుచుకుంటూ బాబాయిలు వచ్చేస్తారు :) దారి చెప్పినవాడి మాట నమ్మి తప్పు కొండ ఎక్కి, గంటసేపు క్లిఫ్ రేసర్లనే ఎగిరే జంతువులతో కొట్టుకున్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

పాతకాపు_2002
ఎందుకు చెప్పను? అదీ బాగుండేది.

సాయంత్రం_చాయ్
పాపను పడుకోబెట్టాక దొరికితే ఒక గంట, లేకపోతే అదీ లేదు. కథ మరిచిపోవడం నాకు రోజూ ఉన్న బాధే. బాటసారి గారూ, విచర్ 3లో సేవ్ (ఆపి దాచిన ఆట) తెరిచేటప్పుడు గెరాల్ట్ స్నేహితుడు డాండెలియన్ గొంతుతో ఇప్పటిదాకా జరిగిన కథ వస్తుంది, దాన్ని దాటేయకండి. మెనూలో పాత్రల పేజీ కూడా ఆయన రాసుకున్నట్టే ఉంటుంది. కథ నడిచేకొద్దీ ఒక్కొక్కరి కింద కొత్త పేరాలు చేరతాయి. కవి కదా, చేసిన పనికి కొంచెం రంగు పూసి రాస్తాడు. మనుషులు గుర్తుండటానికి నాకు అదే ఆధారం.

కానీ నా ఫిర్యాదు మీదానికి సరిగ్గా వ్యతిరేకం. దొరికిన ఆ గంట గుర్రమెక్కి ఊరికే తిరుగుదామని కూర్చుంటాను. ఒకరిని పలకరించిన పాపానికి నలభై నిమిషాలు సంభాషణలే సాగుతాయి, మధ్యలో ఆపడానికి ఉండదు. కథ ఇష్టం లేక కాదు, ఎప్పుడు వినాలో నేను చెప్పగలిగితే చాలు.

రాత్రి_పదకొండు
చాయ్ గారి మాటకు నా ఓటు. ఇప్పుడు మొదలయ్యేది పెద్ద సన్నివేశమా చిన్నదా అని ముందే చెప్పే ఆట నాకు ఒక్కటీ తగల్లేదు.

బెన్నీ_ఎక్కడ
పాతకాపు గారితో సగమే ఏకీభవిస్తాను. కథను పక్కన పెట్టి తిరగనివ్వడం ఒక పద్ధతి. తిరిగే దారిలోనే కథ నడిపించడం ఇంకో పద్ధతి, అది చాలా కష్టం.

2010లో వచ్చిన ఫాలౌట్ న్యూ వేగాస్ చూడండి. గళ్ల కోటు వేసుకున్న బెన్నీ మనల్ని తలలో కాల్చి గోతిలో పాతిపెడతాడు. గుడ్‌స్ప్రింగ్స్‌లో డాక్టర్ మిచెల్ బతికిస్తాడు. ఇక బెన్నీని పట్టుకోవాలి. వేగాస్ ఉన్నది ఉత్తరాన. నేరుగా పోదామంటే దారిలో కజడోర్లనే విషపు కందిరీగలు, క్వారీ దగ్గర డెత్‌క్లాలనే భారీ మృగాలు. అటు వెళ్లవద్దని స్లోన్‌లోని కూలీలు ముందే చెబుతారు. కనిపించని గోడ లేదు, గేటుకు తాళం లేదు, వెళ్లగలిగితే వెళ్లవచ్చు. రెండుసార్లు చచ్చాక దక్షిణం దారి పట్టుకుని ప్రిమ్, నిప్టన్, నోవాక్ మీదుగా చుట్టు తిరిగి వస్తాం.

ఆ చుట్టుదారే కథ. గళ్ల కోటు మనిషి ఇటుగా పోయాడని దారి పొడవునా ఆరా దొరుకుతూ ఉంటుంది. నిప్టన్‌కు చేరేసరికి ఊరు పొగలు కక్కుతూ ఉంటుంది, లాటరీ గెలిచానని అరుస్తూ ఒకడు ఎదురు పరుగెత్తుకొస్తాడు. వాడికి మతి చలించిందనుకుని లోపలికి నడుస్తాం. వీధికి అటూ ఇటూ శిలువలు, వాటి మీద మనుషులు ఇంకా కదులుతూనే ఉంటారు. చివర టౌన్ హాలు మెట్ల దగ్గర, ఈ పని చేసిన సీజర్ సైన్యపు మనిషి వల్పెస్ తాపీగా నిలబడి ఆ లాటరీ నియమాలు వివరిస్తాడు. సీజర్ సైన్యం ఎలాంటిదో చెప్పడానికి కట్‌సీన్ అక్కర్లేకపోయింది, ఒక వీధి చాలింది. వేగాస్ చేరేసరికి బెన్నీ మీద పగ చిన్నదైపోయి, ఈ ఎడారి ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న మొదలవుతుంది. ఇదంతా ఏడాదిన్నరలో తయారుచేశారు.

నిద్రలేని_రాజు
ఏడాదిన్నరలో చేశారు కాబట్టే విడుదలైన కొత్తలో డాక్టర్ మిచెల్ మనకు వైద్యం చేస్తూ తల గిరగిరా తిప్పేవాడు.

బెన్నీ_ఎక్కడ
పేలిన తలను కుట్టినవాడికి ఆ మాత్రం తల తిరగదా?

గోదారి_గేమర్
ఆ ఉత్తరం దారి దాటవచ్చు. గుడ్‌స్ప్రింగ్స్ బడి భవనంలో స్టెల్త్ బాయ్ అనే, మనల్ని కనిపించకుండా చేసే పరికరం దొరుకుతుంది, దాన్ని వాడుకుని డెత్‌క్లాల పక్కనుంచే దాటిపోయాను. చాలా గర్వపడ్డాను. తర్వాత బెన్నీ ఎదురుపడితే ఏమీ అనిపించలేదు. నిప్టన్ చూడలేదు, నోవాక్‌లో మనకు తోడు వచ్చే బూన్‌ను కలవలేదు, సీజర్ ఎవరో తెలియదు. చిక్కు అంతా అక్కడే ఉంది. అడ్డదారి ఇవ్వకపోతే స్వేచ్ఛ లేదంటాం, ఇస్తే కథ చప్పగా ఉందంటాం.

కత్తి_డాలు
అడ్డదారి మొదటిసారి ఆడేవాడి కోసం కాదు. కథ తెలిసినవాడు రెండోసారి వచ్చినప్పుడు వాడి కోసం. ఆ తేడా తెలిసి చేసినవాళ్లు తక్కువ.

పటం_గీసేవాణ్ణి
ఒక స్టూడియోలో లెవల్ డిజైన్ (ఆటలోని చోట్లు అమర్చే పని) చేస్తాను, ఏ స్టూడియో అని అడగకండి. ఆడేవారికి కనిపించని సంగతి ఒకటి చెబుతాను.

ఆటగాడు ఎటునుంచి వస్తాడో, ఎప్పుడు వస్తాడో తెలియదు. మా తలనొప్పి అంతా ఇదే. ఒక పాత్రను కలవకముందే అతను పోగొట్టుకున్న ఉంగరం మీ సంచిలో ఉండవచ్చు. చంపి రమ్మని చెప్పబోయే రాక్షసుణ్ణి మీరు నిన్ననే చంపి ఉండవచ్చు. ఒక్కో అవకాశానికి వేరే మాట రాయాలి, నటుణ్ణి పిలిచి రికార్డు చేయాలి, అన్ని భాషల్లోకి మార్చాలి, పరీక్షించాలి. నాలుగు పనులు ఏ వరుసలోనైనా చేయవచ్చంటే 24 వరుసలు. ఐదు చేస్తే 120. అందుకే అసలు కథను ఒకదానికొకటి తగలని ముక్కలుగా కోస్తారు. జెల్డా సిరీస్‌లోని బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లో నాలుగు దివ్య మృగాలను ఏ వరుసలోనైనా విడిపించవచ్చు. అందుకే ప్రతి ఊరూ తన గొడవే మొదటిది అన్నట్టు మాట్లాడుతుంది. కథ మెట్టుమెట్టుగా బరువెక్కదు.

విచర్ 3లో ఈ ఖర్చుకు సిద్ధపడిన చోటు ఒకటుంది. వెలెన్ అనే ప్రాంతంలో విస్పరింగ్ హిల్లాక్ అని ఒక గుట్ట, దాని కింద చెట్టు వేళ్లలో బందీగా ఒక ఆత్మ. క్రోన్లనే మంత్రగత్తెలు మిమ్మల్ని అక్కడికి పంపేది చాలా తర్వాత. కానీ మీరు దారి తప్పి ముందే అక్కడికి చేరి దాన్ని విడిపించవచ్చు, చంపవచ్చు. ఆట దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఆ ప్రాంతపు దొర బారన్ భార్య ఏమవుతుందో మీరు అప్పుడు చేసిన పనిని బట్టి మారుతుంది. ఊరికే తిరిగితే తగిలిన గుహ, కథ నడిబొడ్డున తేలుతుంది. ఇలాంటివి ఆటకు పది ఉంటే బాగుండునని మాకూ ఉంటుంది. ఒక్కటి సరిగ్గా రావడానికే నెలలు పడతాయి.

చౌకైన ఉపాయం ఇంకోటి ఉంది. ఆటగాడు ఫలానా గడప తొక్కేదాకా కథను నిద్రపుచ్చడం. స్కైరిమ్ అనే ఆట అంతా అదే.

చీజ్_చక్రం
నిజం. మొదట్లో హెల్గెన్‌లో కనిపించిన ఆ ఒక్కటి తప్ప, వైట్‌రన్ నగరంలో కథ ముందుకు జరిపేదాకా స్కైరిమ్‌లో డ్రాగన్లు తిరగవు. నేను వైట్‌రన్ వైపే పోకుండా దొంగల గిల్డు పూర్తిచేశాను, ఇంకో ఊళ్లో ఇల్లు కొన్నాను, ఇంటి నిండా చీజ్ చక్రాలు పేర్చాను. ఆకాశం నిర్మలంగా ఉంది. లోకం అంతమైపోతుందని చెప్పే ఆట, నేను వచ్చి సరే కానివ్వండి అనేదాకా అంతం మొదలుపెట్టలేదు. ఇంత మర్యాద తెలిసిన ప్రళయాన్ని ఇంకెక్కడా చూడలేదు.

వెలెన్_బాటసారి
నవ్వు ఆగడం లేదు. కానీ నాకు ఆ మర్యాదే నచ్చదు. నేను లేకపోయినా లోకం కదలాలి.

నిద్రలేని_రాజు
బాల్డర్స్ గేట్ 3లో ఇదే సమస్య తలకిందులుగా ఉంది. తలలో పురుగు ఉంది, కొద్దిరోజుల్లో మైండ్ ఫ్లేయర్లనే రాక్షసులుగా మారిపోతామని సహచరి లేజెల్ మొదట్లోనే హడలగొడుతుంది. ఆ మాట నమ్మినవాడు నష్టపోతాడు. సహచరుల సొంత కథలు చాలావరకు రాత్రి శిబిరంలో జరుగుతాయి. పడుకోకుండా పరుగెత్తితే ఆ సన్నివేశాలు ఒకదాని వెనక ఒకటి పేరుకుపోతాయి, కొన్ని ఎప్పటికీ రావు. చీటికీమాటికీ దుప్పటి పరిచేవాడికి గేల్, అస్టారియన్, షాడోహార్ట్ అందరూ మనసు విప్పుతారు. ఒక పూర్తి విశ్రాంతికి 40 ఆహారం ఖర్చు. రొట్టెలు, చేపలు, ఆపిల్ పండ్లు ఏ పెట్టె తెరిచినా ఉంటాయి. ఆట పడుకోమంటుంది, కథ పరుగెత్తమంటుంది. మా స్నేహితుడు కథను నమ్మి మొదటి అంకమంతా పడుకోకుండా లాగాడు, అస్టారియన్ రక్తం తాగుతాడని వాడికి నేను చెబితే తెలిసింది.

సాయంత్రం_చాయ్
కానీ పురుగు మామూలుది కాదని, ప్రస్తుతానికి నిద్రపోతోందని అడవి మంత్రగాళ్లు నెట్టీ, హాల్సిన్ మొదటి అంకంలోనే చెబుతారుగా?

నిద్రలేని_రాజు
చెబుతారు. అప్పటికి సగం అంకం దాటుతుంది. పైగా కొన్నిచోట్ల గడియారం నిజంగానే నడుస్తుంది. కాలుతున్న వాకీన్స్ రెస్ట్ సత్రం దగ్గరిదాకా వెళ్లి, రేపు చూద్దామని పడుకుంటే తెల్లారేసరికి లోపలివాళ్లు లేరు. ఏది నిజమైన తొందరో, ఏది మాటవరసకు అన్న తొందరో ఆటగాడికి తెలియజేసే గుర్తు ఒక్కటీ లేదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

గ్వెంట్_గోపాలం
పైన రాత్రి_పదకొండు గారు చెప్పిన చుట్టకు నిప్పు ఆ సత్రం దగ్గరే దొరుకుతుంది.

ఒమేగా_రిలే
తొందర అని చెప్పి మాట మీద నిలబడిన ఆట ఒకటుంది, మాస్ ఎఫెక్ట్ 2. చాలాభాగం స్వేచ్ఛగా తిరిగి మనుషులను కూడగట్టుకోవచ్చు. ఒక దశలో కలెక్టర్లనే శత్రువులు మన ఓడ సిబ్బందిని ఎత్తుకుపోతారు. వెంటనే వాళ్ల స్థావరానికి దారైన ఒమేగా 4 రిలే దాటితే వాళ్లంతా బతుకుతారు. ఒకటి రెండు పనులు చక్కబెట్టుకుని వెళితే సగం మంది పోతారు. ఇంకా తాత్సారం చేస్తే డాక్టర్ చక్వాస్ ఒక్కరే మిగులుతారు, మీరు ఆలస్యంగా వచ్చారని ముఖం మీదే చెబుతారు. రోజూ పలకరించే కెల్లీ గాజు గొట్టంలో కళ్ల ముందే కరిగిపోతుంది. ఆట మొత్తం మీద ఒక్కసారే గడియారం పెట్టారు, ఆ ఒక్కసారీ అబద్ధమాడలేదు.

కత్తి_డాలు
హెచ్చరిక ఉందా దానికి? లేదు. అన్ని ఆటలూ అంతకుముందు ఉత్తుత్తి తొందరలతో మనకు నేర్పిన పాఠాన్ని నమ్ముకున్నందుకు శిక్ష. నాకు న్యాయంగా కనిపించదు.

పాతకాపు_2002
1997 నాటి మొదటి ఫాలౌట్‌లో గడువు నేరుగా చెప్పేవారు. 150 రోజుల్లో నీటి చిప్ తేవాలి, లేకపోతే వాల్ట్‌లో (మన భూగర్భ ఆశ్రయంలో) జనం దాహంతో పోతారు. అందులో నాకు నచ్చింది గడువు కాదు, దాన్ని కథలోనే బేరమాడుకునే వీలు. హబ్ అనే ఊళ్లో నీటి వ్యాపారులకు డబ్బు కట్టి వాల్ట్‌కు నీళ్లు పంపిస్తే మరో 100 రోజులు వస్తాయి. కానీ ఆ బండ్ల జాడ పట్టుకుని శత్రువులు వాల్ట్‌ను త్వరగా కనిపెడతారు.

రాత్రి_పదకొండు
పగలంతా ఆఫీసులో గడువులే. రాత్రి ఆటలో కూడా తేదీ చూసుకుంటూ బతకమంటే నా వల్ల కాదు. పెర్సోనా 5 అందుకే వదిలేశాను, క్యాలెండర్ చూస్తేనే గుండె దడ.

మజిలీ
చిన్నప్పుడు శ్రీరామనవమి పందిట్లో హరికథ విన్నవారికి ఇది కొత్త సమస్య కాదు. హనుమంతుడు సముద్రం ఒడ్డున నిలబడి ఉంటాడు, అవతల సీతమ్మ గడువు దగ్గర పడుతూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే దాసుగారు పిట్టకథ ఎత్తుకుంటారు. పిసినారి మామగారో, అబద్ధాల అల్లుడో. జనం పడీపడీ నవ్వుతారు. ఆ నవ్వు ఆగేలోపు చిడతలు మోగించి, వదిలిన మాట దగ్గరే కథ అందుకుంటారు. ఎవరూ కథ మరిచిపోయామని అనరు. ఎందుకంటే ఆ పిట్టకథ అసలు కథలోని ఏదో ఒక ముడిని పక్కనుంచి విప్పేదే.

విచర్ 3లో ఆ పని చేసింది బారన్ కథ. అది అసలు కథలోదే అయినా పక్కదారిలా మొదలవుతుంది. సిరి జాడ చెప్పాలంటే ముందు నా భార్యనూ కూతురినీ వెతికి పెట్టు అంటాడు. తాగి భార్యను కొట్టిన మనిషి. కూతురు తమారా తండ్రి ముఖం చూడనని వెళ్లిపోయింది. వెతికేవాడు గెరాల్ట్, అతనూ కూతురి కోసమే తిరుగుతున్నాడు. వెతకమన్న చక్రవర్తి సిరి కన్నతండ్రి. ముగ్గురు తండ్రులు, ముగ్గురూ మూడు రకాలు. ఆ పని చేస్తున్నంతసేపూ నాకు సిరి గుర్తుకొస్తూనే ఉంది. స్కెల్లిగె పీపాలు చేస్తున్నప్పుడు ఎవరూ గుర్తురారు. అవి పిట్టకథలు కావు, ఉత్త కాలక్షేపం. కాబట్టి సైడ్ క్వెస్టులు ఎక్కువయ్యాయా తక్కువయ్యాయా అని లెక్కపెట్టడం దండగ.

పటం_గీసేవాణ్ణి
మజిలీ గారూ, బాగా చెప్పారు. ఒక్కటే తేడా. పిట్టకథ ఎప్పుడు ఆపాలో దాసుగారి చేతిలో ఉంటుంది. మా దగ్గర ఆ చిడతలు ఆటగాడి చేతిలో ఉంటాయి, ఆయన వాటిని పక్కన పెట్టి పీపాలు ఏరుకోవడానికి వెళ్లిపోతాడు.

వెలెన్_బాటసారి
పీపాలు అక్కడ పెట్టింది ఎవరండీ?

పటం_గీసేవాణ్ణి
సముద్రం ఖాళీగా ఉంటే ఖాళీగా ఉందని రాస్తారు కదా మీరే :)

కేలే_కొట్టు
కథ అంటే కట్‌సీన్లు, క్వెస్టు జాబితాలేనా? ఎల్డెన్ రింగ్ (2022) సంగతి ఎవరూ ఎత్తలేదేం? మిస్ట్‌వుడ్ శిథిలాల దగ్గరికి వెళితే ఎక్కడినుంచో తోడేలు ఊళ. ఎవరూ కనిపించరు. చర్చ్ ఆఫ్ ఎల్లే దగ్గర కూర్చునే వ్యాపారి కేలేను అడిగితే చిటిక వేయడం నేర్పుతాడు. తిరిగి ఆ శిథిలాల కింద నిలబడి చిటిక వేస్తే పైనుంచి బ్లైడ్ దూకుతాడు, మనిషంత ఎత్తు తోడేలు. తొందర పెట్టేవారు లేరు, జాబితాలో గడి నింపేది లేదు. మనం చూసి, విని, అడిగి కనుక్కున్న కథ. నా మటుకు ఓపెన్ వరల్డ్‌లో కథ చెప్పే పద్ధతి ఇదే.

కత్తి_డాలు
వికీ తెరవకుండా అందులోని రానీ అనే పాత్ర కథ చివరిదాకా చేశారా? గుండె మీద చేయి వేసుకుని చెప్పండి.

కేలే_కొట్టు
స్నేహితులను అడిగి చేశాను. వికీ వేరు, మనిషి వేరు.

సాయంత్రం_చాయ్
అంత సమయం ఉన్న స్నేహితులు నాకు లేరు. ఇంకో మాట, విడుదలైన నెలలోపే ఎల్డెన్ రింగ్ 1.03 ప్యాచ్‌లో (సవరణలో), మనం కలిసిన పాత్రల గుర్తులు మ్యాప్ మీద కనిపించేలా చేశారు. జనం నిజంగానే దారి తప్పుతున్నారని తయారుచేసినవారికీ తెలిసిందనేగా?

కేలే_కొట్టు
గుర్తులు పెట్టారు, చేయి పట్టుకుని నడిపించలేదు. అది సబబే.

గోదారి_గేమర్
ఏ వరుసలోనైనా కథ అంటే ఏమవుతుందో జెల్డా సిరీస్‌లోని టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్‌లో చూశాను. నేల మీద గీసిన పెద్ద బొమ్మల దగ్గర పాత జ్ఞాపకాలు దొరుకుతాయి, ఏది ముందు చూసినా చూడవచ్చు. అసలు రహస్యం నాకు ఆరంభంలోనే దొరికేసింది. ఆ తర్వాత తప్పిపోయిన యువరాణి జెల్డా అక్కడ కనిపించింది, ఇక్కడ కనిపించిందని లోకమంతా గాలిస్తుంటే, అన్నీ తెలిసిన, మనం ఆడే వీరుడు లింక్ ఒక్క మాట మాట్లాడడు. ఆ రహస్యం ఏమిటంటే

కాపలాదారు [మోడరేటర్]
గోదారి_గేమర్ గారి టపాలో చివరి రెండు వాక్యాలు తొలగించాను. ఆ ఆట ఇంకా ఆడుతున్నవారు ఇక్కడ ఉన్నారు. జెల్డా అసలు ఆర్పీజీయేనా అన్న వాదన ఇక్కడ మొదలుపెట్టకండి, దానికి వేరే చర్చ ఉంది, ఇంకా చల్లారలేదు.

గ్వెంట్_గోపాలం
పదేళ్లు దాటిన విచర్ 3 రహస్యాలకు ఆ కాపలా లేదా?

కాపలాదారు [మోడరేటర్]
లేదు.

చీజ్_చక్రం
2025లో వచ్చినవాటిలో చూస్తే, ఎక్స్‌పెడిషన్ 33 తిన్నగా ఒకే దారిలో నడిపించి మూడో అంకంలో లోకం తెరిచింది. ఆ వరుస బాగుంది, మనుషులు మనసుకు పట్టాక తిరగనిచ్చారు. కానీ అన్నీ తిరిగి చివరి పోరుకు వెళితే నాలుగు దెబ్బలకు అయిపోయింది. అంత ఏడిపించిన కథకు ముగింపు పోరు అలాగా!

పాతకాపు_2002
దానికి విరుగుడని 2006లో ఆబ్లివియన్ లోకాన్నంతా మనతో పాటు బలపడేలా చేసింది. ఫలితం ఏమిటి? ఒంటి మీద గాజు కవచం ధరించిన దారిదోపిడీ దొంగ అడ్డం వచ్చి వంద నాణేలు ఇమ్మన్నాడు. ఆ కవచం అమ్ముకుంటే వాడు హాయిగా బతకవచ్చు.

బెన్నీ_ఎక్కడ
:)) ఆ కవచం వాడి దగ్గర ఎందుకుందో ఆలోచించకూడదు, అంతే.

మజిలీ
అసలు ఇంత పెద్ద మ్యాపులు కావాలా అని నా సందేహం. డిస్కో ఎలీసియమ్ (2019)లో ఉన్నది మార్టినేజ్ అనే ఒక్క పేట. ఒక హోటలు, దాని వెనక చెట్టుకు వేలాడుతున్న శవం, కొన్ని వీధులు, కాస్త సముద్ర తీరం. పోరాటాలు లేవు. మనం నడిస్తే కాలం కదలదు, మాట్లాడితే, చదివితే కదులుతుంది. ఎంత తిరిగినా తొందర అబద్ధం కాదు, ఎందుకంటే తిరగడానికి కాలం పట్టదు, మనుషులకు పడుతుంది. మరోవైపు స్టార్‌ఫీల్డ్‌లో (2023) వెయ్యికి పైగా గ్రహాలు ఇచ్చారు. ఏ గ్రహం మీద దిగినా ఇదివరకే చూసిన స్థావరం, అదే గదిలో అదే బల్ల.

కత్తి_డాలు
ఒక పేటను అన్వేషణ అంటారా? కొండ మీద నిలబడి, దూరంగా కనిపించే గోపురం చూసి, అక్కడికి వెళ్లాలనుకుని వెళ్లగలగడం, ఆర్పీజీ అంటే నాకు అదే. డిస్కో గొప్ప నవలే, కాదనను.

మజిలీ
గోపురం దగ్గరికి వెళ్లాక ఏముంది?

కత్తి_డాలు
ఒక్కోసారి ఏమీ ఉండదు. వెళ్లానుగా.

ఒమేగా_రిలే
ఈ ఇద్దరికీ ఎప్పటికీ రాజీ కుదరదు, ఆట తయారుచేసేవాళ్లు ఇద్దరికీ ఒకే డబ్బా అమ్మాలి.

పటం_గీసేవాణ్ణి
రాజీకి దగ్గరగా వచ్చిన ఆట ఒకటి చెబుతాను. 2001లో జర్మనీ నుంచి వచ్చిన గోతిక్. మంత్రపు గోడ లోపల ఖైదీల లోయ, అందులో మూడు శిబిరాలు. మ్యాపు చిన్నదే. మొదటినుంచీ దాదాపు ఎటైనా పోవచ్చు, కానీ అడవిలో రెండడుగులు తప్పు వేస్తే ఏదో ఒక జంతువు తినేస్తుంది, కాబట్టి మనుషులను అడిగి నడవడం నేర్చుకుంటాం. కథ అధ్యాయాలుగా సాగుతుంది. అధ్యాయం మారినప్పుడు ఖాళీచేసిన చోట్లకు కొత్త జంతువులు వస్తాయి, శిబిరాల్లో మాటలు మారతాయి. అదే దారిలో మళ్లీ నడిస్తే అది పాత దారి కాదు. వెయ్యి చోట్లు గీసే బదులు ఒకే చోటును నాలుగుసార్లు గీశారు. మా స్టూడియోలో ఈ మాట అన్నప్పుడల్లా, ప్రకటనలో మ్యాపు ఎన్ని చదరపు కిలోమీటర్లని వేయాలి అని అడుగుతారు.

వెలెన్_బాటసారి
ఇది నా పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడిచేదేమో! ఈ వారాంతం పెట్టి చూస్తాను. మ్యాపు మీద ప్రశ్నార్థకాలు ఉంటాయా?

పాతకాపు_2002
ప్రశ్నార్థకాల మాట దేవుడెరుగు, మ్యాపే ఉండదు. కొనుక్కోవాలి.

వెలెన్_బాటసారి
ఎక్కడ?

పాతకాపు_2002
పాత శిబిరంలో గ్రహామ్ అని పటాలు గీసే ఆయన ఉంటాడు. పగటిపూట వెళ్లండి, రాత్రి పడుకుంటాడు.